మీ లిఫ్టు విశ్రాంతి తీసుకుంటోంది

మా భవనానికి లిఫ్టు పెట్టిన కంపెనీ ఎవరి దగ్గరా ఏ విషయమూ దాచదని ఇందుమూలంగా పాఠకులకు తెలియజేయడమైనది. సరుకు ఇచ్చేవాళ్లకు, పొత్తు పెట్టుకున్నవాళ్లకు, లిఫ్టు ఎక్కేవాళ్లకు, లిఫ్టు మొహం చూడకుండా మెట్ల మీద పోయేవాళ్లకు కూడా అది సమస్తమూ చెబుతుంది. తలుపు తెరుచుకోవడం కాస్త ఆలస్యమైతే కావచ్చు గాని, తెరుచుకోలేదన్న కబురు మాత్రం క్షణం ఆలస్యం కాదు. ఇంతటి కంపెనీని ఎంత పొగిడినా తక్కువే కాబట్టి పొగడ్తతోనే మొదలుపెట్టాను.

పూర్వం, అంటే కంపెనీకి జ్ఞానోదయం కాకముందు, అక్కడ ఒకరి సంగతి ఒకరికి తెలిసేది కాదు. తాడు చేసేవాడికి భవనం ఎత్తు చెప్పేవారు కాదు. అద్దం చేసేవాడికి లిఫ్టు వెడల్పు చెప్పేవారు కాదు. ఆ రోజుల్లో ఒక భవనంలో లిఫ్టు రెండో అంతస్తు దాకానే దిగేదట. తాడు అంతవరకే వచ్చింది మరి. అద్దం ఎక్కువై లిఫ్టులో పట్టకపోతే ఆ మిగిలిన ముక్కను బయట గోడకు బిగించి, మొహంలో సగం లోపల, సగం బయట చూసుకోమన్నారట. జనం కూడా పాపం సర్దుకుపోయారు.

అంతలో కంపెనీ ఎండీగారు ఏదో పెద్ద సదస్సుకు వెళ్లారు. వ్యాపారం బాగుపడాలంటే సరఫరాదారులతో, భాగస్వాములతో, వినియోగదారులతో సమాచారం పంచుకోవాలని అక్కడ ఎవరో అన్నారు. అన్నవాడు అని ఊరుకున్నాడు గాని, విన్న మా ఎండీగారు ఊరుకోలేదు. తిరిగొచ్చిన రోజే సిబ్బందినంతా హాల్లోకి పిలిచి ప్రసంగించారు.

"మిత్రులారా! మనం తయారు చేసేది లిఫ్టు అనుకుంటున్నారు. కాదు! మనం తయారు చేసేది సమాచారం! అది పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది. అందులో అప్పుడప్పుడూ మనుషులు కూడా ఎక్కుతారు. ఎక్కనివ్వండి! వాళ్లను మనం ఆటంకంగా భావించకూడదు!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. చప్పట్లు మోగిన సంగతి ఆ సాయంత్రానికల్లా అందరు సరఫరాదారులకూ తెలియజేశారు.

ఆ రోజు నుంచి లిఫ్టులో ఏ భాగం ఏం చేస్తోందో ఆ భాగం చేసినవాడికి కబురు వెళ్లడం మొదలైంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలుపులో మర చేసినవాడి ఫోను "మీ మర క్షేమం" అని మోగేది. ఆయన మొదట్లో మురిసిపోయి అందరికీ చూపించుకున్నాడు. తర్వాత కబురు ఏమాత్రం ఆలస్యమైనా మరకు ఏమైందో ఏమిటోనని అన్నం సహించేది కాదు. తాడు చేసినాయనకు లావుపాటి మనిషి ఎక్కినప్పుడల్లా కబురు వచ్చేది. ఆయన సున్నిత మనస్కుడు. ఆ కబురు వచ్చినప్పుడల్లా తనే మోస్తున్నట్టు ఊపిరి బిగబట్టేవాడు.

బటన్లు చేసే వ్యాపారి మాత్రం తెలివైనవాడు. తను చేసిన బటన్లలో జనం ఎక్కువగా నొక్కేది అయిదేనని కబురు రాగానే, గిరాకీ లేని మిగతా అంకెలను ఆపేసి అయిదులు మాత్రమే చేయడం మొదలుపెట్టాడు. పక్కవీధి భవనంలో లిఫ్టు ఎక్కితే ఇప్పటికీ ఎనిమిది అయిదులు కనిపిస్తాయి. ఏ అయిదు ఏ అంతస్తుదో అక్కడివాళ్లు అలవాటు మీద పోల్చుకుంటారు. చుట్టాలు వచ్చి ఇల్లు తప్పిపోతే, చేరిన ఇంట్లోనే భోంచేసి వెళతారు.

వినియోగదారులమైన మాకు దక్కిన గౌరవం ఇంతా అంతా కాదు. పొద్దున లేవగానే "నేడు మీ లిఫ్టు మనసు ప్రశాంతంగా ఉన్నది" అని ఫోనులో కనిపించేది. కందెన ఎక్కడ పుట్టిందో, ఎండీగారు ఏ ఊరు వెళ్లారో, తలుపుకు వేసిన రంగుకు ఆ పేరు ఎందుకు పెట్టారో అన్నీ చెప్పేవారు. పైగా కంపెనీ పెట్టిన ప్రతి లిఫ్టులోనూ ఒక కెమెరా, ఒక తెర బిగించారు. ఒక లిఫ్టు ఎక్కినవాళ్లు ఆ తెర మీద మిగతా లిఫ్టుల విశేషాలన్నీ చూడవచ్చు. ఎవరి లిఫ్టులో ఎవరు ముక్కు గీరుకుంటున్నారో నగరమంతటికీ తెలిసేది. దాపరికం లేకపోవడమంటే అదీ.

ఇన్ని కబుర్లు నడుస్తుండగా ఒక అపచారం జరిగింది. ఒక మెకానిక్ ఎక్కడో చెడిపోయిన లిఫ్టును ఎవరికీ చెప్పకుండా బాగు చేసేశాడు. లిఫ్టు చెడిపోయిందని ఎవరికీ తెలియనప్పుడు బాగుపడిందని మాత్రం ఎలా తెలుస్తుంది? తెలియని దానికి ఎవరు సంతోషిస్తారు? ఎండీగారు ఆ రోజంతా తల పట్టుకుని కూర్చుని, మర్నాడు ఒక నియమం తెచ్చారు. ఏ పని చేయాలన్నా దాని గురించి సంబంధిత పక్షాలన్నిటికీ ముందు కబురు వెళ్లాలి. ప్రతి పక్షమూ తన ఫోనులో "అందింది" అని నొక్కాలి. ఆఖరివాడు నొక్కేదాకా పని మీద చెయ్యి వేయకూడదు. బాగు చేసిన మెకానిక్‌ను ఏం చేశారని అడక్కండి. అది కూడా అందరికీ తెలియజేశారు.

ఇక కుట్టుపిన్ని సంగతి.

కుట్టుపిన్ని మా భవనంలో అయిదో అంతస్తులో ఉంటుంది. బిగుతైన బట్టలు వదులు చేసి, వదులైనవి బిగించి ఇస్తుంది. ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు చిక్కిపోయారో కంపెనీ కంటే ముందే ఆమెకు తెలుసు. కాని ఒక్కరికీ చెప్పదు. ఈ కాలంలో ఎలా బతుకుతుందో అని మేము జాలిపడేవాళ్లం.

ఆమెకు ఒక అక్క ఉంది. ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆమెకు పిత్తాశయంలో రాళ్లు చేరితే ఆపరేషన్ అన్నారు. పెద్ద ఆపరేషన్ ఏమీ కాదు. కాని వాళ్ల చిన్నప్పుడు అమ్మను ఇలాగే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. ఆ సంగతి ఇద్దరు పిల్లలకూ ఎవరూ చెప్పలేదు. బడి నుంచి వచ్చేసరికి ఇంటినిండా జనం ఉన్నారు, అమ్మ లేదు. అప్పటి నుంచి ఆ భయం ఇద్దరి కడుపులోనూ ఉండిపోయింది. అందుకే అక్క డాక్టర్లతో ముందే చెప్పింది: "మా చెల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంటేగాని నేను లోపలికి రాను." చెల్లెలు కూడా మాట ఇచ్చింది, మత్తుమందు ఇచ్చేలోపల వచ్చి తీరతానని.

ఆపరేషన్ రోజు పొద్దున్నే కుట్టుపిన్ని ఫ్లాస్కు చంకన పెట్టుకుని అయిదో అంతస్తులో లిఫ్టు ఎక్కింది. మూడో అంతస్తు దాటాక లిఫ్టు ఒకసారి మూలిగి ఆగిపోయింది.

కంపెనీ సామర్థ్యం ఇక్కడే చూడాలి. పిన్ని "అయ్యో" అనేలోపలే మా అందరి ఫోన్లూ మోగాయి. "మీ లిఫ్టు విశ్రాంతి తీసుకుంటోంది. అందినట్టు నొక్కగలరు." మేము నొక్కాం. నొక్కి, ఎవరి విశ్రాంతి వాళ్లు మానుకుని రెండో అంతస్తు వసారాలోకి చేరాం. అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు కుర్చీ తెప్పించుకున్నాడు. ఆయన కూర్చున్నాడు కాబట్టి మేమూ తెచ్చుకున్నాం.

మెకానిక్ కూడా చిటికెలో వచ్చాడు. అతనిది పక్క వీధే. వస్తూనే జేబులోంచి తలుపు తెరిచే మూడు మూలల తాళంచెవి తీసి, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడంటే, మొదట్లో తాళంచెవి పట్టుకున్న మనిషిలా కనిపించినవాడు తర్వాత్తర్వాత విగ్రహంలా కనిపించసాగాడు.

"తిప్పవేం బాబూ?" అని లోపలి నుంచి పిన్ని అడిగింది.

"తిప్పేస్తాను పిన్నీ, అరక్షణం పని! అందరూ 'అందింది' అని నొక్కడమే ఆలస్యం" అన్నాడు మెకానిక్ ఉత్సాహంగా. "మర చేసినాయన నొక్కేశారు. పువ్వు బొమ్మ కూడా పెట్టారు!"

తర్వాత తాడు చేసినాయన నొక్కాడు. నొక్కి, లోపల ఉన్నావిడ బరువెంతో కనుక్కోమన్నాడు. అద్దం వ్యాపారి, ఆవిడ ఈ సమయంలో అద్దం వైపు చూస్తున్నారా లేదా, చూస్తే సంతృప్తిగా చూస్తున్నారా అని తిరుగు కబురు పెట్టాడు. రంగుల కంపెనీవాళ్లు ఇంత ముఖ్యమైన విషయం మీద అందరూ కలిసి మాట్లాడుకోవడం మంచిదన్నారు. అందరూ కలిసి మాట్లాడుకున్నారు. మళ్లీ మాట్లాడుకోవాలని తీర్మానించుకున్నారు. బటన్ల వ్యాపారి మాత్రం ఆవిడ అయిదు కాకుండా కింది బటన్ నొక్కిందని తెలిసి నొచ్చుకుని, నొక్కనని భీష్మించుకున్నాడు. ఎండీగారు స్వయంగా ఫోను చేసి బుజ్జగిస్తే అప్పుడు నొక్కాడు.

ఇంతలో లిఫ్టులోని మైకులోంచి ఎండీగారి గొంతు గంభీరంగా వినిపించింది.

"గౌరవనీయ వినియోగదారు గారూ! మీరు ఈ క్షణంలో ఆగి ఉన్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మీరు ఒంటరి కారు! మీ పరిస్థితి నగరమంతటికీ తెలుసు! ఇంతమందికి తెలిసేలా ఇరుక్కోవడం ఎందరికి దక్కుతుంది చెప్పండి?"

"తలుపు తీయండి సార్! మా అక్కకు ఆపరేషన్!" అని అరిచింది పిన్ని.

"మీ సంతోషం మేము అర్థం చేసుకోగలం" అన్నారు ఎండీగారు. ఆ మైకు కంపెనీ చెప్పడానికే గాని, వినడానికి ఏర్పాటు లేదు.

చివరికి అన్ని పక్షాలూ నొక్కాయి. మేము లేచి కుర్చీలు మడిచాం. మెకానిక్ ఫోను వంక చూసి, నాలిక కరుచుకుని, "ఇంకొక్కరు మిగిలారండీ" అన్నాడు. ఎవరా అని అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మిగిలింది కుట్టుపిన్నే. ఆ సమయంలో లిఫ్టు వాడుతున్న వినియోగదారు కాబట్టి, సంబంధిత పక్షాలన్నిటిలోకీ ముఖ్యమైన పక్షం ఆమెదే. లిఫ్టు లోపల ఆమె ఫోనుకు సిగ్నల్ లేదు.

"పిన్నీ, మీకు సమాచారం అందిందా?"

"దేని గురించి?"

"మీరు లిఫ్టులో ఇరుక్కుపోయారని."

"అందింది బాబూ! మీ అందరికంటే ముందు నాకే అందింది!"

"నోటిమాట చెల్లదు పిన్నీ. ఫోనులో నొక్కాలి."

"ఫోను పనిచేయడం లేదయ్యా!"

"బయటికొస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది పిన్నీ. ఒక్కసారి బయటికొచ్చి నొక్కేసి వెళ్లండి, వెంటనే తలుపు తీస్తాను."

 లోపలి నుంచి ఏడుపు వినిపించింది. పెద్దగా కాదు, ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు. "మాటిచ్చాను... అది నా కోసం చూస్తూ ఉంటుంది" అంటోంది. నిజం చెప్పొద్దూ, మా అందరి మనసులూ చివుక్కుమన్నాయి. ఏదో ఒకటి చేయాలనిపించింది. వెంటనే ఆమె ఏడుస్తోందన్న సంగతి మా మా చుట్టాలందరికీ తెలియజేశాం.

అటు ఆసుపత్రిలో అక్కను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. "మా చెల్లి రాలేదు" అని ఆమె, "దారిలోనే ఉందట, పడుకోండి" అని నర్సులు. దారిలో ఉన్న మాట అబద్ధం కూడా కాదు. మంచాన్ని ఆసుపత్రి లిఫ్టులోకి తోశారు. ఆ లిఫ్టు పెట్టింది కూడా మా కంపెనీయే.

వెల్లకిలా పడుకున్న అక్కకు ఎదురుగా తెర కనిపించింది. తెర మీద కుట్టుపిన్ని, ఫ్లాస్కు గుండెకు హత్తుకుని, లిఫ్టు మూలన నేల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. కింద "మా సేవలో తరిస్తున్న వినియోగదారు" అని రాసి ఉంది.

అక్క మంచం దిగింది. నర్సులు వద్దన్నారు. ఆమె నర్సుల వంక చూసింది. ఎన్నో ఏళ్లు బడి నడిపిన చూపు అది; వాళ్లు చేతులు కట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఆసుపత్రివాళ్ల ఆకుపచ్చ గౌను మీద దుప్పటి కప్పుకుని, తలకు కట్టిన గుడ్డ టోపీతోనే టాక్సీ ఎక్కింది. రోగి వెళ్లిపోయిందని ఆసుపత్రి, ఆవిడ చెల్లెలిని తెరమీద చూపించామని కంపెనీ వెంటనే అందరికీ తెలియజేశాయి కాబట్టి, ఆమె వస్తోందని మాకు ముందే తెలుసు. దారి వదిలి, మడిచిన కుర్చీలు మళ్లీ వేసుకుని చుట్టూ కూర్చున్నాం.

ఆమె మెట్లెక్కి రాగానే, ఎవరూ చెప్పకుండానే కుర్చీల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. సంఘం అధ్యక్షుడు చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"ఇంతమంది ఇక్కడేం చేస్తున్నారు?" అంది.

"తెలుసుకుంటున్నామండి" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె మెకానిక్ వైపు తిరిగింది. "ఏమయ్యా, చేతిలో ఏంటది?"

"తాళంచెవండి."

"దేనిది?"

"ఈ తలుపుదేనండి."

"పనిచేస్తుందా?"

"అద్భుతంగా పనిచేస్తుందండి!"

"ఇలా ఇవ్వు."

అతను ఇచ్చేశాడు. ఇచ్చాక గాని తను ఇచ్చానని అతనికే తెలియలేదు. అక్క తలుపు పైన కన్నంలో తాళంచెవి పెట్టి తిప్పింది. తలుపు బుద్ధిగా పక్కకు జరిగింది. మా ఎదురుగా, మనిషి ఎత్తున, కుట్టుపిన్ని పాదాలు కనిపించాయి.

అధ్యక్షుడి కుర్చీ మీద కాలు పెట్టి పిన్ని కిందికి దిగింది. దిగి, అక్క వేషం చూసి నోరెళ్లబెట్టింది.

"నువ్వు ఆపరేషన్‌లో ఉండాలి కదే!"

"నువ్వు లిఫ్టులో ఉంటే నేను ఆపరేషన్‌లో ఎలా ఉంటానే?"

"చచ్చేంత భయమేసిందక్కా. నీకేమైనా అయిపోతే, నాకు తెలియకుండానే..."

"నోర్ముయ్" అంది అక్క, చెల్లెలి తల తన భుజానికి ఆనించుకుని.  ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, మా మధ్యలోంచి మెట్లు దిగి వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఆపరేషన్ జరిగింది. మత్తు ఎక్కేదాకా చెల్లెలు చెయ్యి వదల్లేదు. రాళ్లు బయటికి వచ్చాయి, అక్క క్షేమంగా ఉంది. ఆ రాళ్ల ఫొటో కూడా మాకు అందింది.

తలుపు మాత్రం కబురు లేకుండా తెరుచుకున్నట్టు కంపెనీ పసిగట్టింది. మొదట చాలా బాధపడింది. తర్వాత ఎండీగారు దీర్ఘంగా ఆలోచించి, ఇది వినియోగదారుల భాగస్వామ్యానికి మహత్తర ఉదాహరణ అని కనిపెట్టారు. మా భవనంలో సభ పెట్టి, "ఇకపై మన మధ్య తాళంచెవులు కూడా దాచుకునేది లేదు!" అని గర్జించి, ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి బహూకరించారు. అది తిప్పాలంటే ఎవరికీ చెప్పనక్కర్లేదని, ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదని కూడా స్పష్టంగా ప్రకటించారు. మేమంతా ఉబ్బి తబ్బిబ్బయ్యాం. మా ఇంట్లో దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, చుట్టూ చిన్న దీపాలు అమర్చాం.

ఆ దీపాల వెలుగులోనే ఇది రాస్తున్నాను. రాస్తుండగా ఇందాకటి నుంచి లిఫ్టులో ఎవరో తలుపు బాదుతున్నారు. గొంతును బట్టి చూస్తే మా మూడో అంతస్తు ముసలాయనలా ఉంది. ఆయాసం మనిషి. తాళంచెవి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాని బాధ్యత తెలిసిన పౌరుడిని కనుక, అన్ని పనులూ పక్కన పెట్టి ముందుగా మీకు తెలియజేస్తున్నాను. మీరూ చూస్తూ ఊరుకునేవాళ్లు కారని నాకు తెలుసు. ఇంకో నలుగురికి చెబుతారు.